దాన్ని దించాలట

జూలై 7, ఆదివారం

గెలిచింది! నా తల్లి గెలిచింది! మా వీధి సంఘానికి అధ్యక్షురాలు!

అక్షరాలు వంకరపోతున్నాయి. వయసు వల్ల కాదు, సంతోషం వల్ల. ఈ డైరీ అమ్మాయే కొనిచ్చింది. ఇన్నాళ్లూ బల్ల మీద ఊరికే పడుంది. నేను చదివింది ఏడో తరగతి. ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ పక్కన నిలబడి జీవితమంతా ఎదుటివాళ్ల రాతలు అచ్చేసినవాణ్ణి. నాకంటూ రాసుకునే విశేషం ఏముంటుందిలే అనుకున్నాను. ఇవాళ ఉంది. పొద్దుట్నుంచీ చెప్పిందే చెప్తున్నానని మా ఆవిడ విసుక్కుని, "ఆ పుస్తకానికి చెప్పుకోండి, అదైతే లేచి పారిపోలేదు" అంది. అందుకని చెప్పుకుంటున్నాను.

చేతులెత్తమన్నారు. నేను రెండు చేతులూ ఎత్తాను. కార్యదర్శి, అదే మన దర్జీ, వచ్చి ఒక చెయ్యి కిందికి దింపాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవడెలా దింపితే ఏంటి, నా కూతురు పైకెక్కింది!

సంతోషంలో పాతవన్నీ తోసుకొస్తున్నాయి. ఈ వీధికి పైపు లేని రోజులు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, సెలవురోజుల్లో మేమే గునపాలు పట్టుకున్నాం. ఎవరి గుమ్మం ముందు కాలవ వాళ్లు తవ్వుకున్నారు. పైపుకీ పైపుకీ అతుకు మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్కడి పూచీ. నీళ్లు కారితే ఆ బిగించినవాడే విప్పాలి, ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. పెడితే తప్పెవడిదో తేలదు, తన్నుకు చస్తాం. అలా పుట్టింది మా సంఘం మాట: కట్టినవాడే విప్పాలి. ఆ తర్వాత నోటీసు బోర్డయినా, పందిరి తాడయినా అదే చట్టం. దర్జీ తండ్రి ఒక తాడు కట్టి పెళ్లికి పోతే, ఆయన తిరిగొచ్చేదాకా పందిరి అలాగే ఉంది, వానలో.

నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. అందుకని గంటలా మోగించడానికి పాత ఇనుప సామాన్ల కొట్లో రైలుపట్టా ముక్క వెతికాను. నేనూ, రేడియో అని అందరూ పిలిచే నా స్నేహితుడూ కలిసి భుజాల మీద మోసుకొచ్చాం. సంఘం గది వసారా దూలానికి నా చేతుల్తో నేను బోల్టు బిగించాను. మొదటిసారి మోగించినప్పుడు అమ్మాయి వాళ్లమ్మ చంకలో ఉంది. గంట విని ఏడుపు ఆపిందని నేనంటాను. ఎక్కువైందని మా ఆవిడ అంటుంది.

ఆ చంకలో పిల్ల ఇవాళ ఆ గదిలో పెద్ద కుర్చీలో కూర్చుంది. ఇంకేం కావాలి నాకు!

జూలై 8, సోమవారం

పొద్దున్నే మెయిన్ రోడ్డు దగ్గర వాల్వు తిప్పి, వచ్చి పట్టాముక్క మోగించాను. అధ్యక్షురాలి తండ్రి మోగిస్తున్నాడన్న సంగతి ఇవాళ ఇనుముకి కూడా తెలిసుండాలి.

ఒక్కటే బాగోలేదు. కుళాయి దగ్గర దర్జీ, ఎదురింటి నర్సు మాట్లాడుకుంటున్నారు. పెదాలు కదుల్తున్నాయి, చప్పుడు లేదు. నన్ను చూసి ఆ కదలడం కూడా ఆపేశారు. ఆ నర్సు రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్న ఇంటికొస్తుంది, నన్ను చూసే చూపు సూదిమందులా ఉంటుంది.

ఈ మధ్య వీధిలో అందరూ గుసగుసలే. ఆఖరికి రేడియో కూడా! ఆ పేరు వాడికి ఊరికే రాలేదు, వాడు దగ్గితే మూడో ఇంట్లో ఉలిక్కిపడేవారు. అలాంటివాడు కూడా సౌండు తగ్గించేశాడు. ఏదో ఉంది.

మా ఆవిడొక్కతే ఇదివరకటికన్నా పెద్దగా అరుస్తోంది. ముసలితనంలో కోపాలు పెరుగుతాయంటారు.

జూలై 10, బుధవారం

అధ్యక్షురాలుగారు మా ఇంటికొచ్చారు, టీ తాగడానికి! రోజూ వస్తుందనుకో, తన మందుల షాపు తెరవబోయే ముందు. కానీ ఇవాళ రావడం వేరు. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చెప్పింది. సంఘం గురించే అయ్యుంటుంది, అటువైపు చూపిస్తూ చెప్పింది. దాని గొంతు చిన్నప్పట్నుంచీ అంతే, మెత్తగా. ఏం చెప్పిందన్నది ముఖ్యం కాదు. అంత పెద్ద కుర్చీలో కూర్చుని నా సలహా అడగడం ముఖ్యం.

"అలాగే తల్లీ, నీ ఇష్టం" అన్నాను.

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి తీసి కళ్లకద్దుకుంది. ఇంతకన్నా అదృష్టవంతుడైన తండ్రి ఎక్కడున్నాడో చూపించమనండి!

జూలై 11, గురువారం

పట్టాముక్కకి ఎవరో ఏదో చేశారు. మునుపటిలా మోగట్లేదు.

జూలై 13, శనివారం

స్టూలెక్కి చూశాను. పగులు లేదు. గుడ్డ చుట్టారేమో అని వెనక తడిమాను, లేదు. కానీ మోగితే ఇదివరకు ఒంట్లోకి దిగేది, ఇప్పుడు పక్కింట్లో ఎవరో గిన్నె పెట్టినట్టుంటోంది. దర్జీ చేతివాటం అని నా అనుమానం. గుడ్డతో పనిచేసేవాడికి చప్పుడెలా చంపాలో తెలుస్తుంది.

నా చెవుల సంగతంటావా, ప్రెస్సులో నాలుగు మిషన్లు ఒక్కసారి మోతెక్కుతుంటే, ఎందులో స్క్రూ వదులైందో నిలబడ్డచోట చెప్పిన చెవులివి.

ఇంట్లోంచి పెద్ద సుత్తి తీసుకెళ్లాను. రెండు చేతుల్తో ఎత్తి కొట్టాను. అదృష్టం చూడు, అమ్మాయి అప్పుడే సందు మలుపు తిరిగింది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది, చెయ్యి ఊపుతూ "మళ్ళీ కొట్టు నాన్నా, మళ్ళీ!" అంది.

ఇంకోటి కొట్టాను. "మళ్ళీ!" అంది ఇంకా గట్టిగా. ఇంకోటి! ఇంకోటి! చిన్నప్పుడు ఉయ్యాల ఊపుతుంటే ఇలాగే అనేది. ఆఖరికి చెమట పట్టి ఆపాను. అది రెండు చేతులూ తలకి పట్టుకుని నవ్వింది. నవ్విందో ఏడ్చిందో, నాకైతే నవ్వినట్టే ఉంది.

నర్సు కిటికీ తలుపు ధడాలున వేసుకుంది. వేసుకోనీ. ఓర్వలేనితనానికి మందు అమ్మాయి షాపులో కూడా దొరకదు.

జూలై 15, సోమవారం

నిప్పు లేనిదే పొగ రాదు. ఇవాళ నిప్పు చూశాను.

చొక్కా గుండీ కుట్టించుకుందామని దర్జీ కొట్టుకి వెళ్లాను. లోపల మిషన్ తొక్కుతూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మిషన్ మోతకి గొంతు పెంచాడు కాబట్టి దొరికిపోయాడు. గుమ్మం పక్కన నిలబడిపోయాను.

"దాన్ని దించాల్సిందే," అంటున్నాడు. "అందరికీ తలనొప్పి అయిపోయింది. ఎంత తొందరగా దించితే అంత మంచిది. ముసలాయనకే బాధ."

దాన్ని!

గెలిచి రెండు వారాలు కాలేదు. నా కూతుర్ని దించుతాడట! పైగా "అది" అంటాడా? మేమంటాం దాన్ని అదీ ఇదీ అని. కన్నాం కాబట్టి అంటాం. వాడికేం అధికారం? ఈ చేతుల మీద పెరిగినవాడు, వాడి తండ్రీ నేనూ ఒకే కాలవలో తవ్వినవాళ్లం, నన్ను బాబాయ్ అని పిలుస్తాడు, వాడి నోట్లోంచి ఆ మాట!

గుండీ కుట్టించుకోకుండానే వచ్చేశాను. ఇప్పుడు గుర్తొస్తోంది: ఆరోజు ఎన్నికల్లో నా చెయ్యి దింపినప్పుడే అనుమానించాల్సింది. దించడం ఆరోజే మొదలుపెట్టాడు.

మా ఆవిడకి చెప్తే ఏదో అంది. ఏమిటన్నాను. "చెవుల డాక్టరు దగ్గరికి పదండి అన్నాను!" అని అరిచింది. కొంప మునుగుతుంటే డాక్టరట. "గోడలకి చెవులుంటాయి, జాగ్రత్త, మెల్లగా మాట్లాడు" అన్నాను.

"గోడలకైనా ఉన్నాయి, మీకు లేవు!" అంది.

జూలై 17, బుధవారం

రేడియో దగ్గరికి వెళ్లాను. వాడొక్కడు మిగిలాడు నాతో మట్టి మోసినవాళ్లలో. అరుగు మీద వాడి మొహానికి మొహం పెట్టి అడిగాను.

"దాన్ని దించుతారట, విన్నావా?"

"విన్నానురా. అనుకుంటూనే ఉన్నారుగా."

"నీకు బాధనిపించలేదూ?"

"ఎందుకనిపించదు? నీకెంతో నాకూ అంతే. నేను మొయ్యలేదూ దాన్ని?"

మోశాడు, నిజమే. చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పేవాడు.

"కానీ పాతబడిపోయింది కదరా," అన్నాడు. "ఇంకెన్నాళ్లు?"

పాతబడిందట! గెలిచిన దండలు ఇంకా వాడలేదు! వీడి బుర్ర కూడా ఎవరో తిప్పేశారు అనుకున్నాను. భుజం పట్టుకుని కుదిపాను. "ఒరేయ్, ఆదివారం మీటింగులో నువ్వు ఎటు?"

వాడు నా మొహం చూశాడు. "నువ్వు వద్దంటే వద్దే. నీ తర్వాతే ఎవరైనా" అన్నాడు. ముక్కు చీదుకున్నాడు.

స్నేహమంటే అదీ!

జూలై 18, గురువారం

ఇల్లిల్లూ తిరిగాను. పేరెత్తలేదు, ఎత్తితే కూతురి కోసం తండ్రి ఓట్లడుక్కుంటున్నాడంటారు, దానికి చిన్నతనం. "ఆదివారం దాన్ని దించుతామంటారు, ఒప్పుకోకండి" అన్నానంతే. అందరికీ అర్థమైంది. వయసులో పెద్దవాణ్ణి, కాదనలేకపోయారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని, "అది లేకపోతే వీధి బోసిపోదూ!" అంది. నా తల్లికి ఎంత పేరు!

నర్సు తలుపు తీసి, విని, మళ్లీ వేసేసింది. దాని పేరు దర్జీ పక్కన రాసుకున్నాను.

జూలై 19, శుక్రవారం

అమ్మాయి గేటు దగ్గరదాకా వచ్చి, నన్ను చూసి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. పాపం, ఎన్ని పనులో.

జూలై 21, ఆదివారం

గెలిపించాను! రెండోసారి! మొదటిసారి దాని గెలుపు దానిది, ఈసారిది నాది!

రాయకపోతే నిద్ర పట్టదు, అంతా రాస్తాను. సంఘం గది నిండిపోయింది, వసారాలో కూడా జనం, పట్టాముక్క కింద నిలబడి. ముందు వరసలో కూర్చున్నాను. అమ్మాయి కాగితం చూసి ఏదో చదివింది. ఎంత హుందాగా చదివిందో! అలా చూస్తూ ఉండిపోయాను. తర్వాత నర్సు లేచి ఏదో చెప్పింది, కళ్లు తుడుచుకుంది. నాటకాలు. ఆ తర్వాత దర్జీ లేచాడు. వాడు నా పక్కనే నిలబడి, జనానికి వినపడాలని గొంతెత్తి, "దాన్ని దించే విషయంలో అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చు" అన్నాడు.

దాన్ని. అందరి ముందు. అది అక్కడ కూర్చుని ఉండగానే!

లేచాను. జీవితంలో మీటింగులో లేచి మాట్లాడలేదు. ఆ మాటలు ఎలా వచ్చాయో నాకే తెలీదు. గుర్తున్నంతవరకూ రాస్తాను.

"నేను చెప్తాను అభ్యంతరం. దాన్ని దించడానికి మీరెవరయ్యా? ఈ రెండు చేతుల్తో పైకెత్తినవాణ్ణి నేను. ఎండలో ఎండింది, వానలో తడిసింది, ఒక్కనాడు నోరు మూసుకుని కూర్చుందా? మీకు కష్టమొస్తే ముందు పలికింది ఎవరు? దాని గొంతు వినని ఇల్లు ఈ వీధిలో ఒక్కటి చూపించండి. కాస్త గట్టిగా ఉంటుంది, కాదనను. గట్టిది కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది! దాని మీద చెయ్యి వేసే హక్కు ఈ వీధిలో నాకొక్కడికే ఉంది. ఇంకెవరైనా వేశారో, ముందు నన్ను దాటాలి. నేను బతికున్నంతకాలం అది ఉన్నచోటే ఉంటుంది!"

రేడియో ఏడ్చేశాడు. నేను ఇంటికెళ్లి బతిమాలినావిడ చప్పట్లు మొదలెట్టింది. అంతే, గదంతా చప్పట్లు, పెదాలూ చేతులూ కదలడం చూశాను. చేతులెత్తమన్నారు. దించకూడదన్న చేతులే ఎక్కువ. దర్జీ మొహం మాడిపోయింది. నర్సు లేచి బయటికెళ్లిపోయింది.

అమ్మాయి తల దించుకుని కూర్చుంది. సంతోషం పట్టలేక అయ్యుంటుంది.

జూలై 22, సోమవారం

టీకి రాలేదు.

జూలై 23, మంగళవారం

రాలేదు. మా ఆవిడ కూడా అరవట్లేదు.

జూలై 24, బుధవారం

పొద్దున్న సుత్తి కనపడలేదు. దర్జీ పనే అనుకుని, ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సుత్తి నేనే దాచాను. కూర్చోండి."

కూర్చున్నాను. నా పక్కన కూర్చుని, నా చెవికి నోరు ఆనించి చెప్పింది. పెళ్లైన కొత్తల్లో తప్ప అంత దగ్గరగా నా చెవిలో మాట్లాడింది లేదు.

"అమ్మాయి రాజీనామా రాసి దర్జీకి ఇచ్చేసిందట."

"ఎందుకూ? దించకుండా ఆపాను కదా!"

"ఏం దించకుండా ఆపారు?"

"దాన్నే! అమ్మాయిని!"

మా ఆవిడ నా మొహం చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా ముందే ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో అనుకున్నాను.

"అమ్మాయిని కాదండీ," అంది చెవిలో. "పట్టాముక్కని. దించుదామన్నది పట్టాముక్కని."

వేసుకున్న చెప్పులు విప్పేశాను.

"ఆ నర్సు నెలల తరబడి పొద్దున్న కన్ను మూయట్లేదట. డ్యూటీలో తూలి పడబోయిందట. నీళ్లొచ్చాయని ఫోన్లో గ్రూపులో చెప్పుకుంటున్నారు, ఇంకా ఆ మోత ఎందుకని అందరూ అమ్మాయిని అడిగారు. మీరు ఈ మధ్య మరీ పెద్ద సుత్తి పట్టారు కదా, వీధి చివర కుక్కలు కూడా పారిపోతున్నాయి. ఆరోజు 'మెల్లగా కొట్టు నాన్నా, మెల్లగా' అని అది ఎంత మొత్తుకుందో సందులో అందరూ విన్నారు."

"మళ్ళీ అంది," అన్నాను.

"మెల్లగా అంది."

దించుదామన్నది ముందు ఎవరని అడిగాను. దర్జీ అంటుందని ఆశపడ్డాను.

"మీ అధ్యక్షురాలే. ఎన్నికలప్పుడు నర్సుకి మాటిచ్చింది. కట్టినవాడే విప్పాలి కదా, అందుకని ముందు మిమ్మల్ని అడిగింది. మీ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగింది. మీరు అలాగే తల్లీ నీ ఇష్టం అన్నారు. మా నాన్న బంగారం అని వీధంతా చెప్పుకుంది. ఆ తర్వాత మీరు ఇల్లిల్లూ తిరిగి దించనివ్వకండని చెప్పి, మీటింగులో లేచి దాని మొదటి మాటే ఓడించారు. ఇంట్లో తండ్రినే ఒప్పించలేనిదాన్ని, వీధిని ఏం నడుపుతాను అంటోంది."

పదో తారీకు పేజీ తిప్పి చూశాను. "ఏం చెప్పిందన్నది ముఖ్యం కాదు" అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

ఇన్నాళ్లూ ఎవడు దించుతాడా అని వీధంతా కాపలా కాశాను. దాన్ని దించింది నేను.

జూలై 25, గురువారం

ముందు షాపుకి వెళ్లాను. మందులు కొనేవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. అమ్మాయి నన్ను గమనించి, చీటీ మీంచి తలెత్తకుండానే ఏదో అంది. అలవాటు చొప్పున తల ఊపబోయాను. ఊపలేదు.

"వినపడలేదమ్మా" అన్నాను.

మళ్లీ అంది.

"వినపడట్లేదు తల్లీ. ఆరోజూ వినపడలేదు. నువ్వు నా చెయ్యి పట్టుకుని చెప్పినవేవీ వినపడలేదు. ఊరికే అలాగే అన్నాను. మీటింగులో దించేది నిన్ననుకున్నాను."

నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలీదు, షాపులో అందరూ నావైపు తిరిగారు కాబట్టి పెద్దదే అయ్యుంటుంది.  అమ్మాయి చేతిలో చీటీతోనే బల్ల తలుపు ఎత్తి బయటికొచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"కాస్త తక్కువ వినపడుతుందనుకున్నా గానీ ఇంతని అనుకోలేదు. అన్నిటికీ తలూపుతావు కదా నాన్నా!"

"ఊపితే గొడవుండదు కదా."

"ఇంత గొడవ చేసి!" అని నా భుజం మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ నాకు ఎంత హాయిగా ఉందో. కానీ రాజీనామా మాటెత్తితే మొహం తిప్పేసింది. నలుగురూ చేతులెత్తి కాదన్న మాట మళ్లీ ఏ మొహంతో ఎత్తను, అంది. అది మాత్రం వినపడింది, చెవి దగ్గరే అంది కాబట్టి.

అక్కణ్ణుంచి దర్జీ కొట్టుకి. వెళ్తూ కూడా అనుకున్నాను, వీడు లోపల నవ్వుకుంటూ ఉంటాడని. ఇన్ని రోజులు అనుమానించిన అలవాటు ఒక్క పూటలో ఎలా పోతుంది?

మిషన్ ఆపాడు. వాడూ నా చెవి దగ్గరికొచ్చాడు. మా ఆవిడ వీధికంతటికీ పాఠం చెప్పినట్టుంది.

"బాబాయ్, గుండీ కోసమా? ఆరోజు గుమ్మందాకా వచ్చి వెళ్లిపోయావట."

"అమ్మాయి ఇచ్చిన కాగితం ఏదిరా?"

బల్ల మీంచి ఒక కాగితం తీసి చూపించాడు. దాని మీద సుద్దతో చంక కొలతలూ, మెడ వంపూ గీసేసి ఉన్నాయి, సగం కత్తిరించేసి కూడా ఉంది.

"రాజీనామా అని చూసుకోలేదు బాబాయ్. జాకెట్టు గీసేశాను. ఇంకది చెల్లదు."

"చూసుకోలేదా?"

"కళ్లజోడు పెట్టుకోలేదు" అన్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

వాడి తండ్రి కూడా అంతే, నవ్వకుండా నవ్వించేవాడు. ఎన్నాళ్లనుంచి మర్చిపోయాను!

"మరి సంఘం దించకూడదని చేతులెత్తింది కదరా, ఇప్పుడెలా?"

"సంఘం దించకూడదనే అంది. కట్టినవాడు తన బోల్టు తాను విప్పుకుంటే సంఘానికేం సంబంధం?"

వాడి తల మీద చెయ్యి పెట్టాను. డైరీలో వాడి పేరూ, దాని పక్కన నర్సు పేరూ కొట్టేశాను.

జూలై 27, శనివారం

బోల్టుకి నిన్ననే నూనె పోసి ఉంచాను. పొద్దున్న పానా తీసుకుని వెళ్లేసరికి వీధంతా అక్కడే ఉంది. రేడియో కింద భుజం ఇచ్చి నిలబడ్డాడు. "ఎక్కించినప్పుడు నేనే, దింపేటప్పుడూ నేనే. మధ్యలో సుఖపడింది నువ్వు" అన్నాడట, అమ్మాయి నాకు చెప్పింది. వాడికి అటువైపు దర్జీ. మా ఆవిడ స్టూలు పట్టుకుంది.

విప్పే ముందు ఒక్కసారి కొట్టమని అమ్మాయికి సుత్తి ఇచ్చాను. ఎప్పుడూ కొట్టేవాణ్ణే గానీ, నిలబడి చూసినవాణ్ణి కాదు. నేను ఇనుము మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. కొట్టింది.

గది కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. కుక్క సందులోకి పరిగెత్తింది. కిటికీలో నర్సు రెండు చెవులూ మూసుకుంది. రేడియో మొహం ముడుచుకుపోయింది. నా అరచేతిలోంచి మోచేతిదాకా వణుకు పాకింది. చెవికి మాత్రం, పక్కింట్లో ఎవరో గిన్నె పెట్టారు.

ఇనుముకి ఎవరూ ఏమీ చెయ్యలేదు.

స్టూలెక్కాను. పానా వేసి తిప్పాను. మొండికేసింది, నేను బిగించిన బోల్టు కదా. రెండోసారికి కదిలింది. నట్టు చేతికొచ్చేసరికి బరువంతా కిందివాళ్ల భుజాల మీద పడి ఊగింది. కింద నుంచి అమ్మాయి తలెత్తి, కంగారుగా, ఏదో అంది. పెదాలు కలిసి విడిపోయాయి. 'మ' తో మొదలయ్యే మాట.

మామూలుగా అయితే అర్థమైపోయేది నాకు. ఏదో ఒకటి అర్థమైపోయేది.

ఆగాను.

"మెల్లగానా, మళ్ళీనా?" అని అడిగాను.

వీధంతా నవ్వింది. అమ్మాయి నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, అరచెయ్యి బోర్లా పెట్టి కిందికి, కిందికి దించి చూపించింది.

మెల్లగా దించాను.

నర్సు కిందికొచ్చి నాకు మంచినీళ్లు ఇచ్చింది. చెవిలో కాదు, ఎదురుగా నిలబడి, పెదాలు నాకు కనపడేలా అంది, "ఇవాళ నిద్రపోతాను బాబాయిగారూ." ఒక్క మాటా పోలేదు నాకు.

సాయంత్రం టీకి వచ్చింది. అధ్యక్షురాలు! నా తల్లి! ఇంకా అధ్యక్షురాలే!

జూలై 29, సోమవారం

అమ్మాయి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నా చెవుల్లో లైటు వేసి చూశాడు. తర్వాత పక్కనున్న సహాయకురాలి వైపు తిరిగి ఏదో గుసగుసలాడాడు. ఆవిడా తిరిగి గుసగుసలాడింది. నన్ను చూశారు. నాకు అనుమానం వచ్చింది.

"ఏమంటున్నారే వాళ్లు, అంత రహస్యంగా?" అని అమ్మాయిని అడిగాను.

నా చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి వంగింది.

"అరుస్తున్నారు నాన్నా" అంది.